రెండేళ్ళుగా ఎరిగినవారు

కేప్ కోస్ట్, ఘానా
1998 ఫిబ్రవరి 24

తమ్ముడు లిన్వల్‌కి,

నేను బాగానే ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉందో రాయి. బస్సు నడిపేటప్పుడు నడుం కింద దిండు పెట్టుకోమన్నాను. పెట్టుకోవడం లేదని నాకు తెలుసు.

ఇల్లు దొరికింది. ఎకువా డాడ్జీ అనే ఆవిడ ఇంట్లో వెనకవైపు రెండు గదులు. ఆవిడకి డెబ్బై దాటాయి. వాకిట్లో కెంకీ వండి అమ్ముతుంది. పులిసిన మొక్కజొన్న పిండిని అరటాకుల్లో చుట్టి ఉడికిస్తారు. మొదటి వారం నాకు ఎక్కలేదు. ఇప్పుడు పొద్దున్నే ఆ పొగ వాసన రాకపోతే తోచడం లేదు. ఆవిడ నన్ను ‘పిల్లా’ అని పిలుస్తుంది. అరవై మూడేళ్ళ వయసులో ఆ పిలుపు మళ్ళీ వింటాననుకోలేదు.

వీధిలో పిల్లలు మాత్రం ‘ఒబ్రోనీ’ అంటున్నారు. ఇక్కడ తెల్లవాళ్ళని అలా పిలుస్తారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. అదే నల్లటి ముఖం, మార్పేమీ కనిపించలేదు.

నిన్న బ్యాంకుకి వెళ్ళాను. నా పెన్షన్ ఇక్కడికి రావాలంటే ఇక్కడ ఖాతా ఉండాలి. నేను ఇక్కడ ఉండడానికి పర్మిట్ ఇవ్వాలన్నా ఖాతా ఉన్నట్టు బ్యాంకు వాళ్ళు రాసిచ్చిన కాగితం చూపించాలట. బర్మింగ్‌హామ్‌లో ఉన్నట్టే కరెంట్ ఖాతా కావాలన్నాను. కౌంటర్ దగ్గర టై కట్టుకున్న అబ్బాయి పాస్‌పోర్టు తిరగేసి, “విదేశీయుల బల్ల అటుపక్క మేడమ్” అన్నాడు.

“నేను విదేశీయురాలిని కాను బాబూ. మా ముత్తాతల ముత్తాతల్ని ఈ తీరం నుంచే ఓడెక్కించి జమైకా పట్టుకుపోయారు. నేను తిరిగొచ్చాను” అన్నాను.

ఆ అబ్బాయి లేచి నిలబడ్డాడు. నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, “మీ ఇంటికి మీరొచ్చారు. సంతోషం అమ్మా” అన్నాడు. నిజంగానే అతని కళ్ళు చెమర్చాయి. తర్వాత కూర్చుని, “విదేశీయుల బల్ల అటుపక్క” అన్నాడు.

ఆ బల్ల దగ్గర మేనేజరు హేఫ్రన్ గారే కూర్చుంటారు. మంచి మనిషి, నిదానంగా మాట్లాడతారు. ఈ శాఖలోనే ఖాతా ఉన్నవాళ్ళు ఇద్దరు, నన్ను రెండేళ్ళుగా ఎరిగినవాళ్ళు, నాకోసం నిలబడి సంతకం పెట్టాలట.

“నేను వచ్చి ఆరు వారాలైందండీ” అన్నాను.

“అలాగా. అయితే మీకు ఇంకా చాలా టైముంది” అన్నారు.

టైము లేదు. ఆగస్టు ఆఖరుతో నా వీసా అయిపోతుంది. నా పడగ్గదిలో బీరువా కింది సొరుగులో పెన్షన్ ఆఫీసు వాళ్ళ అసలు ఉత్తరం ఉంది. అది రిజిస్టరు చేసి పంపు. ఫోను చెయ్యకు. మూడో మాటకి లైను తెగిపోతుంది, ఆ తెగిన మాట ఏమిటా అని నాకు వారమంతా ఆలోచనే.

ఇక్కడ ఎండలో కూర్చుని రాస్తున్న
అక్క ఐసిల్డా


హ్యాండ్స్‌వర్త్, బర్మింగ్‌హామ్
1998 మార్చి 13

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పెన్షన్ కాగితం ఇవాళ రిజిస్టరు చేశాను. ఆ సొరుగులో పాత స్వెట్టర్లు తప్ప ఇంకేమీ లేవు. నీ చలికోటు తెచ్చి నా బీరువాలో పెట్టాను. మళ్ళీ కావలసి వస్తుంది కదా.

నీకోసం ఇద్దరు మగవాళ్ళు నిలబడాలన్నావు. ఎంత అడుగుతున్నారు? ఉత్తరం మన చర్చి వింట్ అన్నయ్యకి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “మీ అక్క సంగతి అయిపోయింది” అన్నాడు. ఆయన బావమరిది ఏదో దేశంలో ఇలాగే ఇల్లు కొన్నాడట. వెళ్ళి చూస్తే అక్కడ సముద్రం ఉందట.

ఆ కౌంటర్ కుర్రాడు నీ చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడన్నావు. అక్కడే నువ్వు లేచి వచ్చెయ్యాల్సింది. నలభై ఏళ్ళుగా నా బ్యాంకుకి వెళుతున్నాను. నన్ను చూసి ఒక్కడూ ఏడవలేదు. బ్యాంకు అలా ఉండాలి.

ఆ ఇంటావిడ నిన్ను ‘పిల్లా’ అని ఎందుకు పిలుస్తోంది? ఆవిడకి పిల్లలు లేరా? అక్కడ దత్తత లాంటి వ్యవహారాలేమైనా ఉంటాయేమో కనుక్కో. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకు.

మోకాలు బాగుంది. దిండు పెట్టుకుంటున్నాను. శనివారం సూపు మానేశాను. నీ మరదలు మెర్లీన్ పోయాక నువ్వొచ్చి చేసేదానివి కాబట్టి సాగింది. ఒక్కడి కోసం ఆ పెద్ద గిన్నె దించడం, మళ్ళీ తోమడం ఎందుకు. రొట్టె తింటున్నాను.

వాన వదలని ఊరి నుంచి
లిన్వల్


కేప్ కోస్ట్
1998 ఏప్రిల్ 9

లిన్వల్,

కాగితం అందింది. దిండు సంగతి నువ్వు అబద్ధం రాశావని నీ అక్షరాలే చెబుతున్నాయి.

మగవాళ్ళని నేనెక్కడా రాయలేదు. ఇద్దరు మనుషులని రాశాను. ఎవరూ నన్ను ఏమీ అడగడం లేదు. అదే నా కష్టం. అడగాలంటే ముందు నేనెవరో తెలియాలి కదా.

ఎకువాకి ఈ సంగతి చెబితే, “నలుగురి కంటపడాలంటే చావులకి రావాలి పిల్లా. ఇంట్లో కూర్చుంటే నిన్నెవరు చూస్తారు?” అంది. అందుకని ప్రతి శనివారం ఆవిడతో చావులకి వెళుతున్నాను. ఇక్కడ చావులకి కట్టే నల్లబట్టలు రెండు జతలు కుట్టించాను, ఎర్రవి ఒక జత. వచ్చే శనివారం ఈ వీధిలోనే మూడున్నాయి. వేటికి వెళ్ళాలో ఎకువా తేలుస్తుంది. పోయినవాళ్ళెవరో నాకు తెలియదు గాని భోజనాలు చాలా బాగుంటాయి. జనం ఎంతమంది వస్తారంటే కుర్చీలు చాలక వీధి మూసేస్తున్నారు.

అలా మందుల షాపు క్వాన్సా గారు పరిచయమయ్యారు. ఆయనకి ఆ బ్యాంకులో ఖాతా ఉంది. నా అవసరం చెప్పగానే జేబులోంచి పెన్ను తీశారు.

“ఇలా ఇవ్వండి. ఎన్నాళ్ళుగా తెలుసని రాయమంటారు?”

“మీకు నేను మూడు వారాలుగా తెలుసు.”

“అయితే మూడు అని రాస్తా. వారాలో ఏళ్ళో వాళ్ళే చూసుకుంటారు.”

కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆయన నొచ్చుకున్నారు. ఎకువా నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు కెంకీ ఇస్తూ, “సాయం చేస్తానన్నవాడిని దొంగని చేశావు. నీకు ఈ ఊళ్ళో ఇంకో రెండేళ్ళు పడుతుందిలే” అంది. రెండేళ్ళైతే నాకు కావలసింది అదే గదా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

సాయంత్రం ఇంకో చావుకి కొబ్బరికాయలు మొయ్యాలి. ఉంటాను.

ఐసిల్డా


హ్యాండ్స్‌వర్త్
1998 ఏప్రిల్ 28

అక్కా,

అది ఏం జబ్బు?

నువ్వు దాచి రాసినా నాకు అర్థమైంది. ఒక్క వీధిలో ఒక్క రోజున ముగ్గురు. జనం పట్టక వీధులు మూసేస్తున్నారు. బట్టలు ముందే కుట్టించుకుంటున్నారు. గ్రంథాలయానికి వెళ్ళి పేపర్లన్నీ చూశాను. ఎక్కడా ఒక్క ముక్క లేదు. గవర్నమెంటు తొక్కిపట్టి ఉంచుతుందని వింట్ అన్నయ్య అంటున్నాడు. నీళ్ళు మరగబెట్టుకో. ఆ భోజనాలు ముట్టుకోకు. ఆసుపత్రిలో పనిచేసినదానివి, నీకు నేను చెప్పాలా.

ఇంకో సంగతి. కోప్పడకు. బ్యాంకు మేనేజరుకి నేనే సూటిగా ఉత్తరం రాశాను. నీకు ఖాతా ఇవ్వవద్దని రాశాను. ఖాతా లేకపోతే పర్మిట్ ఉండదు, పర్మిట్ లేకపోతే ఆగస్టుకి ఇంటికొచ్చేస్తావు. నీ ఇల్లు అలాగే ఉంది. అద్దెకి అడిగినవాళ్ళకి లేదని చెప్పాను.

నీ మేలు కోరే
లిన్వల్


కేప్ కోస్ట్
1998 మే 20

లిన్వల్,

జబ్బేమీ లేదు. ఇక్కడ మనిషి పోతే చుట్టాలందరూ ఎక్కడెక్కడి నుంచో రావాలని నెలల తరబడి ఆగి, అందరికీ కుదిరిన శనివారం చేస్తారు. ముసలివాళ్ళు పోయారు. నూరేళ్ళ దగ్గరికొచ్చి పోయారు. సంగీతం పెడతారు. నీకు అర్థమవుతుందనుకుని రాయలేదు.

నీ ఉత్తరం హేఫ్రన్ గారికి అందింది. నన్ను పిలిపించి కూర్చోబెట్టి, అవతలి బల్లల వాళ్ళకి కూడా వినబడేలా చదివారు. నువ్వేం రాశావో నువ్వు మరిచిపోయి ఉంటావు. నేను మరిచిపోలేదు:

‘అయ్యా, మా అక్క ఐసిల్డా మీ దగ్గరికి వస్తుంది. ఖాతా ఇవ్వకండి. మా అమ్మ ఇంగ్లండు వెళ్ళినప్పుడు నాకు పదేళ్ళు, ఆమెకి పదిహేను. నన్ను బడికి పంపింది ఆమే, కొట్టింది కూడా ఆమే. జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడి ఉంటే నాకు చాలా దెబ్బలు తప్పేవి. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వదు. అడగకపోతే ఇచ్చేస్తుంది. మీ ఊరి మోసగాళ్ళు ఈ సంగతి కనిపెట్టి అడగడం మానేస్తారని నా భయం.’

హేఫ్రన్ గారు ఉత్తరం జాగ్రత్తగా మడిచి బల్లమీద పెట్టారు.

“ఈయన మిమ్మల్ని రెండేళ్ళకి పైనే ఎరుగుదురు” అన్నారు.

“పుట్టినప్పటి నుంచీ అండీ.”

“ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత మంచి సిఫారసు నేను చూడలేదు. ఈయనకి మా శాఖలో ఖాతా ఉందా?”

“లేదు. బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు.”

“అయ్యో” అన్నారు. తర్వాత దాన్ని నా ఫైల్లో పెట్టి, “కానీ ఇది అభ్యంతరం మేడమ్. ఫైల్లో అభ్యంతరం ఉండగా ఎంతమంది సంతకం పెట్టినా ఖాతా తెరవలేం. ఆయనే స్టాంపు వేసిన కాగితం మీద వెనక్కి తీసుకోవాలి” అన్నారు.

కాబట్టి ఇప్పుడు నాకు ముగ్గురు కావాలి. అందులో నువ్వొకడివి.

నీతో ఒకటి చెప్పాలి. హ్యాండ్స్‌వర్త్‌లో ఆ ఇంట్లో నేను ముప్పై ఏళ్ళున్నాను. పక్కింటి మిసెస్ పామర్ క్రిస్మస్ కేకు ఇచ్చిన ప్రతిసారీ, “మరి మీ ఊరెప్పుడు వెళ్తారు?” అని అడిగేది. మర్యాదగానే అడిగేది. ఆ ప్రశ్న వినబడని చోటికి పోదామని ఇక్కడికొచ్చాను. ఇక్కడా అదే అడుగుతున్నారు. చావుల్లో పక్కన కూర్చున్నవాళ్ళు పళ్ళెంలో ఇంకో చేపముక్క వేసి మరీ అడుగుతున్నారు. మొదట్లో రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. ఇప్పుడు చేపముక్క తిని, “తెలియదండీ” అంటున్నాను. బ్యాంకు పొమ్మంటే వెళతాను. పర్మిట్ ఆఫీసు పొమ్మంటే వెళతాను. నీ ఉత్తరం పొమ్మంటే మాత్రం వెళ్ళను.

ఐసిల్డా


హ్యాండ్స్‌వర్త్
1998 జూన్ 10

అక్కా,

స్టాంపు వేసిన కాగితం దీనితో ఉంది. ఏ స్టాంపో ఆయన చెప్పలేదు. లాయరు దగ్గరికెళితే వచ్చే నెల రమ్మన్నాడు. అందుకని మా బస్సు డిపో స్టాంపు వేయించాను. గుండ్రంగా ఉంటుంది, మధ్యలో సింహం ఉంది. సూపర్‌వైజరు సంతకం కూడా పెట్టాడు. ఏం చదవకుండానే పెట్టాడు.

జబ్బు లేదని వింట్ అన్నయ్యకి చెప్పాను. కాస్త నిరుత్సాహపడ్డాడు.

నాకు ఆ బ్యాంకు గురించి భయం లేదక్కా. మేనేజరు మంచివాడని నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. పోయిన శనివారం డ్యూటీ దిగి, అలవాటుగా మీ వీధిలోకి తిరిగాను. తలుపు కొట్టాను కూడా. కొట్టాక గుర్తొచ్చింది. మిసెస్ పామర్ కిటికీలోంచి చూసి, “మీ అక్క వాళ్ళ ఊరు వెళ్ళిపోయిందిగా” అంది. అవునన్నాను. ఇంతకన్నా ఎలా రాయాలో నాకు తెలియదు.

మోకాలు బాగాలేదు. దిండు పెట్టుకోవడం లేదు.

లిన్వల్


కేప్ కోస్ట్
1998 జూలై 22

నా చిన్న తమ్ముడికి,

ఖాతా వచ్చింది. మొదటి నుంచీ రాస్తాను, ఊపిరి పీల్చుకుని చదువు.

నీ కాగితాన్ని హేఫ్రన్ గారు వెలుతురుకి పట్టి చూశారు. “సింహం ఉంది కదా, చాలు” అన్నారు. అభ్యంతరం పోయింది. ఇద్దరు మనుషులు మాత్రం ఇంకా దొరకలేదు. ఎకువాకి చెబుదామంటే ఆవిడకి బ్యాంకు ఖాతా లేదు. సాయంత్రాలు వచ్చి వసూలు చేసుకుపోయే చీటీ మనిషి దగ్గరే వేస్తుంది. బ్యాంకు మాటెత్తితే, “తలుపు దగ్గర తుపాకీ పెట్టుకుని కూర్చుంటారు. ఎవరికి భయపడుతున్నారో మనకి చెప్పరు” అంటుంది.

సోమవారం ఆవిడ కెంకీ పొయ్యి వెలిగించలేదు. చావులకి కట్టే మంచి బట్ట కట్టుకుని, “పద పిల్లా” అంది. తిన్నగా బ్యాంకుకి. తుపాకీ వాడిని పలకరించింది. వాడి పెళ్ళాం పురుడు సంగతి అడిగింది. లోపలికెళ్ళి ఖాతా కావాలంది. “మిమ్మల్ని ఎరిగినవాళ్ళు…” అని టై అబ్బాయి మొదలుపెట్టే లోపే క్యాషియరూ, లైనులో ఉన్న ఇద్దరు టీచర్లూ పెన్నులు తీశారు. ఆవిడ కెంకీ ముద్ద తినని వాళ్ళు ఆ బ్యాంకులో లేరు.

పని అయ్యాక హేఫ్రన్ గారి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

“ఏం నాయనా, ఇప్పుడు నాకిక్కడ ఖాతా ఉన్నట్టేనా?”

“ఉన్నట్టే అమ్మమ్మా.”

“అయితే ఈ పిల్లకి నేను నిలబడతాను.”

“మీకు ఈవిడ ఎన్నాళ్ళుగా తెలుసు?”

“ఈ ఫిబ్రవరి నుంచి.”

“రెండేళ్ళు ఉండాలి అమ్మమ్మా.”

ఎకువా బల్లమీద మోచేతులు ఆనించింది. “మా ఎదురింటి హెడ్మాస్టరు నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. పొద్దున ముద్ద కొనుక్కుంటాడు, పోతాడు. బతికున్నాడని తప్ప వాడి గురించి నాకేం తెలీదు. ఈ పిల్లదీ నాదీ ఒకటే స్నానాలగది. ఎప్పుడు లేస్తదో, ఎప్పుడు దగ్గుతదో నాకు తెలుసు. ఎవరిమీద కోపంగా ఉందో బకెట్టు పెట్టే చప్పుడుని బట్టి చెప్తా. మే నెలంతా వాళ్ళ తమ్ముడి మీద కోపం. బకెట్టు అడుగు చిట్లింది. నేను అడక్కుండానే కొత్తది కొనుక్కొచ్చి పెట్టింది. ఇంకా ఏం తెలియాలి నీకు?”

హేఫ్రన్ గారు నా ఫైలు తెరిచి, నీ ఉత్తరం ఒకసారి చూసి, మూశారు.

“మేడమ్, మీరు అడిగింది కరెంట్ ఖాతా” అన్నారు.

“అవునండీ.”

“ఇద్దరూ, రెండేళ్ళూ దానికే. సేవింగ్స్‌కి ఒక్కరు చాలు. కాలం పట్టింపు లేదు.”

“మరి ఫిబ్రవరిలోనే చెప్పలేదేమండీ?”

“మీరు కరెంట్ ఖాతా అన్నారు. ఏం కావాలో తెలిసి అడిగే మనిషిలా కనిపించారు.”

“ఒరేయ్, ఈ సంగతి మీ అమ్మకి చెప్పనా?” అంది ఎకువా. ఆయన గబగబా లేచి కాగితాలు తనే తెచ్చారు.

జాతీయత దగ్గర ‘విదేశీ’ అని టిక్కు పెట్టాను. పెట్టలేనేమో అనుకున్నాను. దాని కిందే, నాకోసం నిలబడిన మనిషికి నాతో సంబంధం ఏమిటని ఇంకో గడి ఉంది. హేఫ్రన్ గారు ‘ఇంటి యజమానురాలు’ అని రాయబోయారు.

“పిన్ని అని రాయి” అంది ఎకువా.

“విదేశీయురాలికి ఇక్కడ పిన్ని ఎలా ఉంటుంది అమ్మమ్మా? పైవాళ్ళు ఊరుకోరు.”

“నువ్వు రాయి. ఉంటది.”

ఆయన రాశారు. ఇప్పుడు ఒకే కాగితం మీద నేను విదేశీయురాలిని, నాకు ఈ ఊళ్ళో ఒక పిన్ని ఉంది. పైవాళ్ళు ఇంతవరకూ ఏమీ అనలేదు. పర్మిట్ ఆఫీసు ఆ కాగితం తీసుకుంది.

తలుపు కొట్టావని రాశావు. ఆ ముక్క చాలాసార్లు చదివాను. సూపులోకి గుమ్మడికాయ ముందు వెయ్యకు, కరిగిపోతుంది. మాంసం మెత్తబడ్డాక వెయ్యి. ఒక్కడికైనా సరే, చిన్న గిన్నెలో చెయ్యి.

నీ అక్క


హ్యాండ్స్‌వర్త్
1998 ఆగస్టు 14

అక్కా,

అక్టోబరులో సెలవు మిగిలింది. టిక్కెట్టు కొన్నాను. ఆ ఖాతా నిజంగా ఉందో లేదో కళ్ళతో చూసి వస్తాను. అంతే.

గుమ్మడికాయ ఆఖర్నే వేశాను. అయినా బాగా రాలేదు.

లిన్వల్


హ్యాండ్స్‌వర్త్
1998 నవంబరు 8

అక్కా,

క్షేమంగా చేరాను. ఎకువా గారు కట్టిచ్చిన కెంకీ లండన్ విమానాశ్రయంలో ఆపారు. కుక్క వాసన చూసింది. అది ఆహారమేనని వాళ్ళని నమ్మించడానికి అక్కడే ఆకు విప్పి ఒకటి తినాల్సి వచ్చింది.

మీ మేనేజరు నన్ను చూసి లేచి నిలబడి, “ఆ ఉత్తరం రాసింది మీరేనా?” అన్నాడని వింట్ అన్నయ్యకి చెప్పాను. నమ్మలేదు. ఆ శనివారం చావు భోజనాల్లో నేను రెండుసార్లు తిన్న సంగతి చెప్పలేదు.

విమానాశ్రయంలో ఇంకోటి జరిగింది. నాది ఇప్పటికీ జమైకా పాస్‌పోర్టే కదా. గాజు అవతల కూర్చున్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. “ఇక్కడ ఎన్నాళ్ళు ఉందామనుకుంటున్నారు?” అంది. ఎప్పటికైనా ఉండొచ్చని వేసిన పాత స్టాంపు చూపించాను. చూసింది. చూసి మళ్ళీ అదే అడిగింది.

ఎన్నో ఏళ్ళుగా ఈ ప్రశ్నకి నాకు ఒళ్ళు మండేది. గట్టిగా జవాబు చెప్పేవాడిని. ఈసారి కోపం రాలేదు. ఆ పిల్ల అడిగింది గనక నిజంగానే ఆలోచించాను. వెనక లైను ఆగిపోయింది. “ఇంకా తేల్చుకోలేదమ్మా” అన్నాను. పక్కగదిలో కూర్చోబెట్టారు. చాలాసేపటికి ఎవరో పెద్దాయన వచ్చి, స్టాంపు చూసి, క్షమాపణ చెప్పి పంపించాడు. నాకేం తొందర లేదని చెప్పాను. ఆ గది వెచ్చగానే ఉంది.

వచ్చే ఏడు జూన్‌లో నా సర్వీసు అయిపోతుంది. నిన్న డిపోలో పెన్షన్ కాగితాలు తీసుకున్నాను. ఏ దేశంలో ఏ బ్యాంకులో వెయ్యాలని అడిగారు. కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. తర్వాత వస్తానన్నాను.

వింట్ అన్నయ్యకి ఇంకా ఏమీ తెలియదు. తెలిస్తే మళ్ళీ కళ్ళజోడు తీస్తాడు. నేను వస్తే సూటిగా విదేశీయుల బల్ల దగ్గరికే వెళతాను. ఎవరితోనూ వాదించను. సేవింగ్స్ అనే అడుగుతాను. నీకు అక్కడ ఖాతా ఉంది కాబట్టి ఆ ఒక్క సంతకం నువ్వే పెడతావు.

ఎకువా గారిని మాత్రం ఒకటి కనుక్కుని రాయి. ఆ స్నానాలగది ముగ్గురికి సరిపోతుందా?

లిన్వల్